కలంకారీ గీత చెదరకుండా త్రీడీ బట్ట మీదికి టెక్స్చర్ ఎక్కించడం ఎలా?

"అన్నా, ఫొటోలో అమ్మవారి కనురెప్పలు కూడా తెలుస్తున్నాయి. అదే ఫొటో మోడల్ మీద వేస్తే అంతా అలికేసినట్టు ఉంది. ఎందుకు?" తిరుపతిలో త్రీడీ నేర్చుకుంటున్న పిల్లలు అడిగేది ఇదే. దుపట్టాలను వెబ్‌సైట్‌లో తిప్పి చూపించాలనుకుంటున్న శ్రీకాళహస్తి వ్యాపారులు అడిగేదీ ఇదే. మోడల్ మీదికి ఎక్కించే ఈ ఫొటోనే టెక్స్చర్ అంటారు. విడివిడిగా జవాబు చెప్పే బదులు పని మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది ముందుగా చేసే పని 4కె ఫొటో తీసేసి 8కె పెట్టడం. ఫైలు బరువెక్కుతుంది, ల్యాప్‌టాప్ మూలుగుతుంది, మసక మాత్రం అలాగే ఉంటుంది. ఫొటోకూ స్క్రీన్‌కూ మధ్య ఆరేడు మెట్లు ఉన్నాయి. ఏ ఒక్క మెట్టు దగ్గర గీత పోయినా తర్వాతివి దాన్ని తిరిగి తేలేవు. అది ఎక్కడ పోతోందో పట్టుకోవడమే అసలు పని.

మచిలీపట్నంలో కలంకారీని అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి చేసిన నల్ల రంగుతో గీసిన గీత మొదట్లో నిండుగా ఉండి, చెయ్యి తేలికయ్యే కొద్దీ సన్నబడుతుంది. మోడల్ మీద ఈ లావు సన్నాల తేడా పోతే, చేత్తో గీసిన బట్ట కాస్తా మిల్లు ప్రింటులా కనిపిస్తుంది. కళాకారుడి పనితనం తెలిసేది ఆ గీతలోనే. అందుకే దాని మీద ఇంత పట్టుబడుతున్నాను.

కావాల్సినవి

- మిల్లీమీటర్ గుర్తులున్న 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు. దీన్ని మాత్రం వదిలేయకండి, చివరిదాకా దీంతో పని ఉంది.
- కెమెరా, లేదా మంచి ఫోన్. కదలకుండా పట్టే స్టాండు.
- బ్లెండర్ (త్రీడీకి), గింప్ (ఫొటో సరిచేయడానికి), హ్యూగిన్ (ఫొటోలు అతకడానికి). మూడూ ఉచితమే.
- 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్. ఇక్కడ చెప్పే సైజులకు అది చాలు.
- బట్ట గీసినవారి అనుమతి. డిజైన్ వారిది. ఎక్కడ, ఎందుకు చూపిస్తున్నారో ముందే చెప్పండి.

1. ముందు లెక్క వేయండి

బట్ట మీద అన్నిటికన్నా సన్నని గీత ఎక్కడుందో వెతికి స్కేలు పెట్టి కొలవండి. అది సుమారు 1 మిల్లీమీటర్ ఉందనుకుందాం. గీత నిలవాలంటే దాని వెడల్పులో కనీసం 2 పిక్సెళ్లు పడాలి. లావు సన్నాల తేడా కూడా తెలియాలంటే 3 కావాలి. కాబట్టి మన లెక్క మిల్లీమీటర్‌కు 3 పిక్సెళ్లు.

రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న దుపట్టాకు ఇది 7500 × 3000 పిక్సెళ్లు అవుతుంది. అంటే 8192 × 4096 సైజులో సరిపోతుంది. కంప్రెస్ చేయకపోతే ఈ సైజు గ్రాఫిక్స్ మెమరీలో 128 ఎంబీ తింటుంది, మిప్‌మ్యాప్‌లతో (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న సైజు కాపీలతో) కలిపి ఇంకో మూడో వంతు.

అయిదున్నర మీటర్ల చీరకు ఇదే లెక్కన 16,500 పిక్సెళ్లు కావాలి. చాలా గ్రాఫిక్స్ కార్డులు ఒక టెక్స్చర్‌ను 16,384 దాటనివ్వవు. కాబట్టి చీరను ఒకే బొమ్మగా పెట్టాలని పంతం పట్టకండి. దాన్ని ఎలా విడగొట్టాలో 5వ మెట్టులో చెప్తాను.

రెండో లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. మీ రెండర్ (మోడల్ నుంచి తీసే చివరి బొమ్మ) వెడల్పు 1920 పిక్సెళ్లు అయి, అందులో దుపట్టా పొడవంతా కనిపిస్తుంటే మిల్లీమీటర్‌కు ముప్పావు పిక్సెల్ మాత్రమే దక్కుతుంది. ఎంత పెద్ద టెక్స్చర్ పెట్టినా అక్కడ సన్న గీత నిలవదు. అది టెక్స్చర్ లోపం కాదు, ఆ ఫ్రేములో చోటు లేదు అంతే. 3 పిక్సెళ్లు దక్కాలంటే ఫ్రేములో 64 సెంటీమీటర్ల బట్ట మాత్రమే ఉండాలి. దూరం షాట్ ఒకటి, దగ్గర షాట్ ఒకటి వేరుగా పెట్టుకోండి.

2. ఫొటో తీయడం

బట్టను ఇస్త్రీ చేసి, చదునైన నేల మీదో గోడ మీదో ముడతల్లేకుండా పరచండి. ఎండలో వద్దు. మన దగ్గర పదకొండు దాటిందంటే వెలుతురు కళ్లు చెదిరేలా ఉంటుంది, తెల్ల నూలు మీద గీతలు పాలిపోతాయి. వరండా నీడలో ఉదయం పూట తీయండి. ఫ్లాష్ ఆపేయండి.

మొత్తం దుపట్టాను ఒకే ఫొటోలో తీయకండి. 12 మెగాపిక్సెళ్ల ఫొటో పొడవు 4000 పిక్సెళ్లు. దాన్ని రెండున్నర మీటర్లకు పంచితే మిల్లీమీటర్‌కు 1.6 మాత్రమే వస్తాయి, అక్కడే సగం పోయినట్టు. ఫొటో పొడవు బట్ట వెడల్పు మీదుగా వచ్చేలా కెమెరా పట్టండి. అటూ ఇటూ కాస్త ఖాళీ వదిలినా మిల్లీమీటర్‌కు మూడున్నర దాకా దక్కుతాయి. అలా పొడవునా జరుపుకుంటూ, ఒక్కో ఫొటోలో మూడో వంతు ముందు ఫొటోతో కలిసేలా తీస్తే అయిదారు ఫొటోల్లో పని అయిపోతుంది.

జాగ్రత్తలు:

- కెమెరా బట్టకు సూటిగా ఉండాలి. వాలితే ఒక అంచు దగ్గర పిక్సెళ్లు తగ్గిపోతాయి.
- ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ లాక్ చేయండి. లేకపోతే అతికాక చారలు కనిపిస్తాయి.
- ఫోన్‌లోని పనోరమా మోడ్, బ్యూటీ మోడ్, డిజిటల్ జూమ్ వాడకండి.
- ఒక ఫొటోలోనైనా స్టీలు స్కేలును బట్ట పక్కనే పెట్టి తీయండి.

తీశాక ఆ స్కేలును వంద శాతం జూమ్‌లో చూడండి. మిల్లీమీటర్ గుర్తులు దేనికది విడిగా తెలియాలి. కలిసిపోయి బూడిద రంగు పట్టీలా కనిపిస్తే ఫొటో మళ్లీ తీయాల్సిందే. ఫోన్ పెట్టె మీద 50 అనో 108 అనో రాసున్న మెగాపిక్సెళ్లను చూసి నమ్మకండి, స్కేలు చెప్పిందే నమ్మండి.

ఇంకో మాట. ఫొటోలు వేరేవాళ్లు తీసి పంపుతుంటే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గి, కంప్రెస్ అయి వస్తుంది. "ఫొటో బాగుంది కానీ మోడల్ మీద బాగాలేదు" అని నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో సమస్య తరచుగా ఇక్కడే దొరుకుతుంది.

3. అతకడం, సరిచేయడం

హ్యూగిన్‌లో ఫొటోలు అతికేటప్పుడు ఆప్టిమైజ్ దగ్గర 'పొజిషన్స్ అండ్ ట్రాన్స్‌లేషన్' ఎంచుకోండి. ఒకచోట నిలబడి తిప్పుతూ తీసిన ఫొటోలు కావివి, కెమెరాను జరుపుతూ తీసినవి. మామూలు పద్ధతిలో అతికితే గీతలు కలిసే చోట రెండుగా చీలతాయి.

తర్వాత గింప్‌లో అంచులు నిటారుగా చేసి, కావాల్సిన సైజుకు తెచ్చుకోండి. తిప్పడం, లాగడం, సైజు మార్చడం, ఇలా చేసిన ప్రతిసారీ గింప్ పిక్సెళ్లను కొత్తగా లెక్కగట్టి గీతను కొంచెం మెత్తబరుస్తుంది. కాబట్టి ఈ సర్దుబాట్లన్నీ వీలైనంత తక్కువసార్లలో ముగించండి. సైజు తగ్గించాక షార్పెన్ చేయాలనిపిస్తే చాలా తేలిగ్గా చేయండి. నల్ల గీత పక్కన తెల్లటి అంచు పుట్టిందంటే ఎక్కువ చేశారన్నమాట.

ఏఐతో సైజు పెంచడం గురించి చాలామంది అడుగుతున్నారు. కలంకారీకి వద్దు అంటాను. అది లేని గీతను ఊహించి గీస్తుంది. బొమ్మ పట్టిన చేతి ముద్ర మారిపోతుంది, కనుపాప జరిగిపోతుంది. చూసేవాళ్లకు పదునుగానే ఉంటుంది కానీ ఆ బొమ్మ ఇక ఆ కళాకారుడు గీసింది కాదు.

అసలు ఫైలును పీఎన్‌జీగా దాచుకోండి. జేపెగ్ తప్పనిసరైతే, గింప్ ఎక్స్‌పోర్ట్‌లో సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:4:4 పెట్టండి. 4:2:0 ఉంటే రంగు వివరం పొడవులో సగం, వెడల్పులో సగం పడిపోతుంది. నల్ల గీత నిలుస్తుంది కానీ పసుపు మీది ఎర్ర గీత కారినట్టు అవుతుంది.

4. పరీక్ష కాపీ చేసుకోండి

ఈ మెట్టు ఎవరూ చేయరు, ఎక్కువ ఉపయోగపడేది ఇదే. ఫొటోలోని స్టీలు స్కేలును కత్తిరించి, అదే కొలతలో, టెక్స్చర్ కాపీ మీద మూడు చోట్ల అతికించండి. నడుమ ఒకటి, అంచు దగ్గర ఒకటి, మడత పడే చోట ఒకటి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా ఉంటే మంచిది. ఇక నుంచి ప్రతి మెట్టు తర్వాత ఆ గుర్తులు విడివిడిగా ఉన్నాయా, సమానంగా ఉన్నాయా అని చూడండి. ఎక్కడ కలిసిపోతే అక్కడే మీ సమస్య.

5. యూవీ విప్పడం

టెక్స్చర్‌లో ఏ భాగం మోడల్ మీద ఎక్కడ పడాలో చెప్పే చదును పటమే యూవీ. బట్ట మోడల్‌కు సులువైన దారి ఒకటుంది. ముందు చదునైన గ్రిడ్‌గా బట్టను తయారుచేసి, చదునుగా ఉన్నప్పుడే యూవీ చేయండి. ఆ తర్వాతే క్లాత్ సిమ్యులేషన్‌తో భుజం మీద వేయండి. మడతలు ఎన్ని పడినా యూవీ చెదరదు. ముందు మడతలు పెట్టి తర్వాత విప్పుదామనుకుంటే ఎంత కష్టపడ్డా ఎక్కడో ఒకచోట సాగుతుంది.

మోడల్ ఎవరో ఇచ్చినదై మడతలు ముందే ఉంటే, మడత లోపలి వైపు, అంచు వెంబడి సీమ్‌లు (విప్పడానికి కోసే గీతలు) పెట్టి విప్పండి. విప్పే ముందు ఆబ్జెక్ట్ మోడ్‌లో కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయడం మరిచిపోకండి. యూవీ ఎడిటర్ ఓవర్‌లేలలో 'డిస్‌ప్లే స్ట్రెచ్' పెట్టి చూడండి. నీలంగా ఉంటే సరే. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వైపు పోతుంటే అక్కడ సాగుతోంది.

టెక్స్చర్ చతురస్రం కానప్పుడు 'కరెక్ట్ యాస్పెక్ట్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. గుండ్రటి పద్మం కోడిగుడ్డులా కనిపిస్తే తేడా ఇక్కడే. 7500 × 3000 బొమ్మను 8192 × 4096 కాన్వాస్‌కు సాగదీయకండి. కాన్వాస్ మీద అలాగే పెట్టి, యూవీని ఆ భాగం మీదికి సర్దండి. బొమ్మ చుట్టూ కనీసం 16 పిక్సెళ్ల మేర అంచు రంగునే బయటికి పొడిగించండి. అక్కడ తెలుపో నలుపో వదిలేస్తే దూరం నుంచి చూసినప్పుడు బట్ట అంచున వెంట్రుకంత గీత తేలుతుంది. బ్లెండర్‌లో రెండర్ చేసి వదిలేసేదైతే ఈ కాన్వాస్ గొడవ లేదు, 7500 × 3000 అలాగే వాడుకోవచ్చు.

చీరకైతే పొడవును నాలుగు ముక్కలు చేసి యూడిమ్ పద్ధతిలో (ఒకే మోడల్‌కు వరుస నంబర్లతో చాలా టైళ్లు ఇచ్చే పద్ధతి) 1001 నుంచి 1004 దాకా నాలుగు 4096 టైళ్లలో పెట్టండి. మిల్లీమీటర్‌కు దాదాపు 3 పిక్సెళ్లు నిలుస్తాయి. ల్యాప్‌టాప్ మోయలేకపోతే కొంగును పూర్తి సైజులో ఉంచి, కుచ్చిళ్లలోకి పోయే భాగాన్ని సగానికి తగ్గించండి. అందరూ చూసేది కొంగునే.

6. బ్లెండర్‌లో మెటీరియల్

బొమ్మను బేస్ కలర్‌కు కలిపేటప్పుడు కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి. ఎత్తుపల్లాలు చెప్పే నార్మల్, గరుకుదనం చెప్పే రఫ్‌నెస్ మ్యాపులకు నాన్-కలర్. ఇంటర్‌పొలేషన్ లీనియర్ చాలు. క్లోజెస్ట్ పెడితే పదునుగా అనిపిస్తుంది కానీ వంపు గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి.

రఫ్‌నెస్ 0.8 నుంచి 0.9 మధ్య పెట్టండి. నూలు బట్ట మెరవదు. రఫ్‌నెస్ తక్కువైతే బట్ట మీద తెల్లటి మెరుపు పరుచుకుని గీతలు వెలిసినట్టు అవుతాయి. అది చూసి మళ్లీ టెక్స్చర్‌ను షార్పెన్ చేసేవాళ్లు ఉన్నారు.

నూలు పోగుల నేత కూడా కనిపించాలంటే దాన్ని ఈ ఫొటోతో సాధించాలనుకోకండి. 5 సెంటీమీటర్ల బట్టను దగ్గరగా తీసి, అంచులు కలిసేలా చేసిన 1024 పిక్సెళ్ల చిన్న నార్మల్ మ్యాప్ చాలు. బట్టకు సరిగ్గా సరిపోయేలా రెండో యూవీ ఒకటి పెట్టుకుని, పొడవునా 50 సార్లు, వెడల్పున 20 సార్లు దాన్ని పరవండి. బలం 0.2 దగ్గర మొదలుపెట్టండి. గీత ఫొటో నుంచి, నేత చిన్న మ్యాప్ నుంచి వస్తాయి కాబట్టి ఫైలు బరువు పెద్దగా పెరగదు. దూరం షాట్‌లో మాత్రం దీన్ని తగ్గించాలి, లేకపోతే అలలు అలలుగా నమూనా పుడుతుంది.

వ్యూపోర్ట్‌లో మసకగా ఉందని టెన్షన్ పడకుండా ముందు ప్రిఫరెన్సెస్‌లో వ్యూపోర్ట్, టెక్స్చర్స్ దగ్గర 'లిమిట్ సైజ్' ఆఫ్‌లో ఉండేలా చూడండి. అక్కడే అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16కి పెట్టండి. ఏటవాలుగా కనిపించే మడతల మీద తేడా వెంటనే తెలుస్తుంది. సింప్లిఫై ఆన్‌లో ఉంటే అందులో టెక్స్చర్ లిమిట్ కూడా చూడండి.

7. రెండర్

బ్లెండర్ 4.0 నుంచి వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రంగులను తెరకు తగ్గట్టు మార్చే పద్ధతి) మామూలుగా ఏజీఎక్స్ ఉంటుంది. సినిమా తరహా వెలుతురుకు అది బాగుంటుంది. అమ్మకానికి పెట్టే బట్ట విషయంలో నలుపు కాస్త బూడిదగా, ఎరుపు కాస్త వెలిసినట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు 'స్టాండర్డ్' పెట్టి, లైట్లు తగ్గించుకోండి.

రెండర్‌లో పడే చుక్కలను (నాయిజ్) తుడిచే డీనాయిజర్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. శాంపిళ్లు (ఒక్కో పిక్సెల్‌కు వేసే కాంతి లెక్కలు) తక్కువ పెట్టి డీనాయిజర్ మీద భారం వేస్తే, అది సన్న గీతను కూడా నాయిజ్ అనుకుని తుడిచేస్తుంది. శాంపిళ్లు పెంచండి, డీనాయిజర్ పాసులలో 'ఆల్బెడో అండ్ నార్మల్', ప్రీఫిల్టర్ 'యాక్యురేట్' ఎంచుకోండి. ఒకసారి డీనాయిజర్ ఉంచి, ఒకసారి తీసేసి, స్కేలు గుర్తులున్న చిన్న భాగాన్ని రెండర్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్రేమంతా రెండర్ చేయనక్కర్లేదు, కంట్రోల్ బీ తో ఆ ముక్క ఎంచుకుంటే చాలు.

8. గేమ్ ఇంజిన్‌కు, ఫోన్‌కు పంపేటప్పుడు

యూనిటీలో టెక్స్చర్ దిగుమతి చేస్తే 'మ్యాక్స్ సైజ్' మామూలుగా 2048 ఉంటుంది. మీరు 8192 ఇచ్చినా అది చడీచప్పుడు లేకుండా తగ్గించేస్తుంది. ముందు దాన్ని మార్చండి. మిప్‌మ్యాప్‌లు ఆపేయకండి. ఆపితే నిలబడి చూసినప్పుడు పదునుగా ఉంటుంది కానీ కెమెరా కదిలిన వెంటనే గీతలు మిణుకుమిణుకుమంటాయి. వాటిని ఉంచి యానైసో లెవెల్ పెంచండి. అన్‌రియల్‌లో అయితే సైజు రెండు వైపులా 2048, 4096, 8192 లాంటి సంఖ్యల్లో ఉండేలా చూడండి, లేకపోతే మిప్‌మ్యాప్‌లు తయారుకావు. తెర మీద టెక్స్చర్ స్ట్రీమింగ్ పూల్ నిండిందన్న హెచ్చరిక వస్తే, మసక మీ ఫైలుది కాదు, మెమరీ చాలడం లేదు.

ఫోన్లకు ఏఎస్‌టీసీ కంప్రెషన్‌లో 4×4 పెట్టండి. పిక్సెల్‌కు 8 బిట్లు ఖర్చవుతుంది, గీత నిలుస్తుంది. 8×8 అయితే 2 బిట్లే, ఫైలు తేలికే కానీ కళ్లూ వేళ్లూ ఉన్న బొమ్మలకు అది పనికిరాదు. పాత ఫోన్లలో 4096 దాటిన టెక్స్చర్ తెరుచుకోకపోవచ్చు. అందుకని దుపట్టాను పొడవులో రెండు ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక 4096 చతురస్రం, ఒక మెటీరియల్ ఇవ్వండి. యూడిమ్ అన్ని చోట్లా నడవదు, విడి మెటీరియళ్లు నడుస్తాయి. ముక్క కోసే గీత ముఖం మీద నుంచి కాకుండా గడికీ గడికీ మధ్య ఉన్న పట్టీ మీదుగా పోనివ్వండి.

తరచూ అడిగేవి

*దగ్గర బాగుంది, పక్కకి తిప్పితే మసక.* అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ తక్కువగా ఉంది.

*ఒక్క భుజం దగ్గరే మసక.* యూవీ అక్కడ సాగింది. స్కేలు గుర్తుల మధ్య దూరం పెరిగి ఉంటుంది, చూడండి. ఆ యూవీ ద్వీపాన్ని (విడిగా విప్పిన ముక్కను) ఒక్కదాన్నే మళ్లీ విప్పి, 'యావరేజ్ ఐలండ్స్ స్కేల్' నొక్కండి.

*రెండర్‌లో బాగుంది, వెబ్‌సైట్‌లో పెట్టాక పోయింది.* సైటు ఫైలును మళ్లీ కంప్రెస్ చేస్తూ ఉండొచ్చు. సైటు నుంచి ఫైలు దింపి, అసలుదాని పక్కన పెట్టి పిక్సెళ్ల సైజు పోల్చండి. మారి ఉంటే సైటు చూసుకునేవాళ్లతో మాట్లాడాలి, బ్లెండర్‌లో వెతికి లాభం లేదు.

*కోట గోడ ఫొటోకూ ఇదే పద్ధతా?* చంద్రగిరి రాజమహల్ లాంటి గోడలకు లెక్క, ఫొటో, యూవీ మెట్లు ఇవే. కానీ అక్కడ వివరమంతా గచ్చు ఎత్తుపల్లాల్లో ఉంటుంది. ఫొటోలో పడ్డ నీడలను బేస్ కలర్‌లో వదిలేస్తే లైటు మార్చినా పాత నీడ కదలదు. మబ్బు పట్టిన రోజు తీసి, ఎత్తుపల్లాలను నార్మల్ మ్యాప్‌లోకి తీసుకోవాలి.

*నా దగ్గర గ్రాఫిక్స్ కార్డే లేదు.* దుపట్టా మొత్తానికి 4096 × 2048 పెట్టండి, మిల్లీమీటర్‌కు 1.6 దాకా నిలుస్తాయి. దగ్గర షాట్‌లో కనిపించే ఒక్క బొమ్మకు మాత్రం విడిగా చిన్న మెష్ ముక్క కోసి, దానికి పూర్తి సైజు టెక్స్చర్ ఇవ్వండి. సైకిల్స్‌ను (బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్) సీపీయూ మీద రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి ఆ ఒక్క ఫ్రేము తయారుగా ఉంటుంది.